శుక్రవారం అరిచే పొయ్యి

ఆయన పోయాడని మా ఆవిడ వచ్చి చెప్పినప్పుడు నేను దుకాణంలో ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నాను. "అయ్యో" అన్నాను. నోరు అయ్యో అంటుండగానే లోపల ఇంకో మాట పుట్టింది: ఇక నన్నే పిలుస్తారు. పుట్టినందుకు సిగ్గుపడ్డాను కానీ, పుట్టలేదని ఇప్పుడు రాస్తే ఇక్కడి నుంచి రాసేదంతా అబద్ధమే అవుతుంది.

ఆయన పేరు రాయను. తొంభైల్లో సిద్దిపేటలో మిక్సీయో హీటరో వాడిన ప్రతి ఇంటికీ ఆ పేరు తెలుసు, ఇంకా ప్రచారం నేనెందుకు చేయాలి? పాత బస్టాండు దగ్గర నాకు షట్టరున్న దుకాణం ఉండేది. ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది. ఐటీఐ సర్టిఫికెటుకు అద్దం కట్టించి, లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనబడేలా తగిలించాను. ఆయనకు ఉన్నదల్లా రెండు దుకాణాల అవతల ఒక సైకిల్ షాపు అరుగు మీద గోనెసంచి పరిచినంత జాగా. బోర్డు లేదు, తలుపు లేదు. అయినా నా దుకాణానికి ఎవరైనా దారి అడిగితే, "గాయన కూసుంటడు చూడు, గాడికెళ్లి రెండు దుకాణాలు దాటినంక" అని చెప్పేవాళ్లు. నా చిరునామాలో కూడా ఆయనే ఉన్నాడన్నమాట.

మిరుదొడ్డి వైపు మనిషి. బావుల దగ్గర కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి చుట్టి, ఆ చేతులతోనే టౌనుకు వచ్చాడు. చదువు నాలుగో అయిదో. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపట్టేవాడు, కలిపి చదవడం రాదు. పొట్టిగా, కాస్త ముందుకు వంగినట్టు ఉండేవాడు. తెల్ల చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచేవాడు. జేబులో టెస్టరు, దాని పక్కన సోంపు పొట్లం. ఆలోచించేటప్పుడు సోంపు గింజలు ఒక్కొక్కటే నోట్లో వేసుకునేవాడు. పది గింజలు దాటితే ఫాల్టు పెద్దదని బజారులో అందరూ లెక్క వేసుకునేవాళ్లు. నేనూ లెక్కపెట్టేవాణ్ని, నా దుకాణంలోంచి, వేరే పనేదో చేస్తున్నట్టు నటిస్తూ.

నేను ఎవరింటికైనా రిపేరుకు వెళ్తే మిషను ఎక్కడుందని అడుగుతాను. ఎవరైనా అదే అడుగుతారు. ఆయన మాత్రం "దీంతోని పనిజేసేది ఎవరు?" అని అడిగేవాడు. ఇంటాయన ముందుకొచ్చి వోల్టేజి గురించీ, ఎక్కడ కొన్నాడో, ఎంత పెట్టి కొన్నాడో మొదలుపెడితే ఓపికగా విని, "గదంత మంచిగనే ఉన్నది పటేలా, జర వదినెను పిలువు" అనేవాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వస్తే నేల మీద చతికిలబడి, "ఎప్పటిసంది? అంతకుముందు ఏం జేస్తుంటివి? ఏం సప్పుడొచ్చింది?" అని అడిగేవాడు. ఆమె నోటితో ఆ సప్పుడు చేసి చూపించేది. ముసలమ్మలు కూడా చేసి చూపించేవాళ్లు. నేనెవరినీ అలా అడగలేదు. అడిగితే చదువుకున్న మెకానికుకు పరువు తక్కువని నా గట్టి నమ్మకం.

మిషను కరాబైందంటే ఒప్పుకునేవాడు కాదు. "కరాబు కాలే, అలిగింది" అనేవాడు. ఈ మాట ఊళ్లో ఎంతగా పాకిందంటే, మా ఆవిడ కూడా మా ఇంట్లో ఫ్యాను ఆగితే అలిగిందనడం మొదలుపెట్టింది. కరెంటు శాస్త్రంలో అలగడం అనే ఫాల్టు లేదని ఆమెకు వివరంగా చెప్పాను.

"నీ శాస్త్రంల లేదేమో గని, ఇంట్ల ఉన్నది" అంది.

ఇంకో సంగతి. చెప్పడానికి ఇష్టం లేదు కానీ చెబుతాను. మా సొంత మిక్సీ పాడైతే, దుకాణానికి పట్టుకెళ్తానని చెప్పి నేను వారం రోజులు మరిచిపోయాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్తే కంచంలో పల్లీల పచ్చడి ఉంది. ఎవరు బాగుచేశారని అడిగాను. మా ఆవిడ అన్నం వడ్డిస్తూనే ఉంది. అడగాల్సిన అవసరం కూడా లేదు, మిక్సీ మూత దగ్గర రెండు సోంపు గింజలు కనబడుతూనే ఉన్నాయి. మెకానికు భార్య మిక్సీ సంచిలో దాచుకుని, మొగుడి దుకాణం ముందు నుంచే నడిచి, ఇంకో మెకానికు దగ్గరికి పోయింది. నేను తల దించుకుని పనిచేసుకుంటున్నానేమో, చూడలేదు.

"ఏమన్నడు?" అన్నాను.

"ఏమంటడు? తమ్మి జేసే పనే, తీరిక లేక ఇడిసిపెట్టి ఉంటడు అన్నడు."

అలా అని నన్ను వెనకేసుకొచ్చినందుకు నాకు ఇంకా మండింది. పచ్చడి మాత్రం రెండుసార్లు వేసుకున్నాను.

ఇక దుబాయి పొయ్యి సంగతికి వస్తాను. ఆయన్ని తలుచుకోవడమంటే నాకు అదే.

కరీంనగర్ రోడ్డులో మల్లేశం అని ఒకాయన కొత్త ఇల్లు కట్టాడు. పదేళ్లకు పైగా దుబాయిలో పనిచేసి వచ్చి, ఊళ్లో రంగుల దుకాణం పెట్టాడు. వస్తూ వస్తూ ఓడలో సామాను వేయించుకున్నాడు. అందులో ఒక కరెంటు పొయ్యి ఉంది. గ్యాసు కనెక్షన్ కోసం పేరు రాయించుకుని జనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఊరు మాది. అట్లాంటి ఊళ్లో నడుమెత్తు తెల్లటి పొయ్యి, పైన నాలుగు వేడి పలకలు, కింద గాజు తలుపున్న అర, వెనక నిలబడ్డ పట్టీలో పచ్చ అంకెల గడియారం, దాని కిందే వరసగా మెత్తటి బటన్లు. చూడ్డానికి జనం వచ్చేవాళ్లు. దానికి వేరే మీటరు పెట్టించి, బొటనవేలంత లావు తీగ లాగింది నేనే.

దానితో పాటు ఒక పుస్తకం వచ్చింది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. పొయ్యికి ఏదైనా తేడా చేస్తే గడియారంలో టైము పోయి, 'ఎఫ్' అనే అక్షరం, పక్కన ఒక అంకె వస్తాయి, టీ టీ అని ఆగకుండా అరుస్తుంది. ఏ అంకె వస్తే ఏ జబ్బో పుస్తకంలో పట్టిక ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఆ పట్టికంతా ఒక నోటుబుక్కులో తెలుగులో దించుకున్నాను. ఎఫ్ మూడు వస్తే లోపలి వేడి చూసే తీగ తెగినట్టు. ఎఫ్ ఏడు వస్తే ఏదో ఒక బటను నొక్కుకుపోయి ఉన్నట్టు. బిగించిన మొదటి రోజే ఎఫ్ మూడు వచ్చింది. ఓడ కుదుపులకు ఊడిన తీగ వెతికి పెట్టాను, అరుపు ఆగింది. "నువ్వు ఇంజనీరువయ్యా" అన్నాడు మల్లేశం. ఆ మాట చెవిలో పెట్టుకుని నెల రోజులు తిరిగాను. ఊరు మొత్తంలో ఆ పొయ్యి భాష నాకొక్కడికే తెలుసు. అరుగు మీద మనిషి ఎంత సోంపు తిన్నా ఇది ఆయన వల్ల కాదని, నిజం చెప్పాలంటే, గట్టిగా సంతోషపడ్డాను.

తర్వాత కొన్నాళ్లకు ఎఫ్ ఏడు మొదలైంది. పొద్దున్నే కబురు వచ్చేది, పరుగెత్తేవాణ్ని. ఏ బటనూ నొక్కుకుపోయినట్టు కనబడేది కాదు. మెయిన్ ఆపి, వెనక రేకు విప్పి, తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టేసరికి మధ్యాహ్నం అయ్యేది, అరుపు ఆగేది. నేనే ఆపానని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఒక్కోసారి వారానికి, ఒక్కోసారి రెండు మూడు వారాలకు మళ్లీ అదే అంకె. ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ వేసి రాసుకున్నాను. అది ఏ వారమో రాయాలని తోచలేదు.

మల్లేశానికి విసుగొచ్చింది. ఒకరోజు ముందుగదిలో నన్ను నిలబెట్టి, "ఎందుకయితుంది చెప్పు ఇంజనీరూ" అన్నాడు. ఆ ఇంజనీరు అనే మాటలో వెటకారం వినబడింది నాకు. ఏదో ఒకటి చెప్పాలి.

"బటన్లు గట్టిగ ఒత్తుతున్నరేమో అన్నా. ఆడోళ్లకు గిసొంటి మిషన్లు అలవాటుండయి గదా" అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మల్లేశం భార్య, భారతక్క, విన్నది. నేను వచ్చిన ప్రతిసారీ స్టీలు గ్లాసులో చాయి పెట్టి ఇచ్చిన మనిషి ఆమె. ఆ రోజు నుంచి మల్లేశం ఆమెను పొయ్యి ముట్టుకోవద్దన్నాడు. పొయ్యి మీద దుప్పటి కప్పారు. ఆమె వెనక వసారాలో కిరోసిన్ స్టవ్వు మీద వండింది. అయినా పొయ్యి అరిచింది. ముట్టుకోలేదని ఆమె చెప్తే మల్లేశం నమ్మలేదు. "ముట్టకుంటే ఎందుకు అరుస్తది? నీ చెయ్యే మంచిది గాదు" అన్నాడు, నా ఎదుటే. నేను నోటుబుక్కులోకి చూస్తూ నిలబడ్డాను.

చివరికి పొయ్యి బుర్రే పోయిందని తేల్చాను. బుర్ర అంటే గడియారం, బటన్లు అన్నీ కలిసిన ఆ పట్టీ. మల్లేశం దుబాయిలో ఉన్న దోస్తుకు ఉత్తరం రాశాడు. మూడు నెలలకు కొత్తది వచ్చింది. ఒక గురువారం సాయంత్రం బిగించాను. పచ్చ అంకెలు నిగనిగలాడుతూ వచ్చాయి. దుప్పటి తీసేశారు. రేపటి నుంచి వండుకోవచ్చని భారతక్కకు నేనే చెప్పాను, ఏదో వరమిచ్చినంత దర్జాగా.

తెల్లారి తొమ్మిది గంటలకు కబురు. వెళ్లేసరికి పొయ్యి టీ టీ అంటోంది. గడియారంలో ఎఫ్ ఏడు. మల్లేశం నా ముఖం కూడా చూడలేదు. "గా అరుగు మీదాయనను పంపిస్త" అని చెప్పులు వేసుకుని దుకాణానికి పోయాడు.

అరగంటకు ఆయన వచ్చాడు. నేను కంగారులో మెయిన్ కూడా ఆపకుండా పొయ్యి వెనక రేకు విప్పుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో ఉన్నాను. లేచి నిలబడాలో వద్దో తెలియలేదు.

"ఎఫ్ ఏడు అన్నా" అన్నాను, కనీసం అది ఆయనకు తెలియదు కదా అని.

"ఏడయితేంది తమ్మీ, ఎనిమిదయితేంది. పాపం గంటసేపటిసంది మొత్తుకుంటుంది" అన్నాడు. పొయ్యి వైపు వెళ్లలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. భారతక్క తలుపు చాటున నిలబడి ఉంది. ఏడ్చిన కళ్లు.

"చెల్లె, గీడ కూసో. ఇది ఎప్పుడెప్పుడు మొత్తుకుంటది?"

ఆమె నా వైపు చూసి తల దించుకుంది. "శుక్రారం అన్నా."

"ఎప్పటికీ శుక్రారమేనా?"

"ఎప్పటికీ. అన్ని శుక్రారాలు అరవది. అరిస్తే మాత్రం శుక్రారమే."

నోటుబుక్కులో అన్ని తేదీలు ఉన్నాయి. గోడ మీద క్యాలెండరు ఉంది. ఆరు నెలల్లో ఒక్కసారి తల తిప్పి ఆ తేదీ ఏ వారమో చూడలేదు నేను.

"మరి ఎవలకన్న జెప్పినవా?" అన్నాడాయన.

"ఎవలు అడగలే. జెప్పుదామంటే భయమయింది. శుక్రారం పూట పొయ్యి మొత్తుకుంటే ఇంటికి మంచిది గాదంటరేమోనని ఊకున్న."

ఆయన సోంపు గింజ ఒకటి నోట్లో వేసుకున్నాడు. "శుక్రారం పొద్దుగాల లేసిన కాడికెళ్లి ఏమేం జేస్తవో జెప్పు. ఒక్కటి ఇడువకు."

ఆమె చెప్పింది. వాకిలి ఊడవడం, సాన్పు చల్లడం, ముగ్గు, తలస్నానం. గడపకు పసుపు, దేవుని అర్రలో దీపం. "ఇగ గప్పుడు పొయ్యికి నీళ్లల్ల కలిపిన పసుపు రాసి బొట్టు పెడ్త. ఇంట్ల అన్నం పెట్టేది గదే గదా అన్నా. ముట్టొద్దన్నంక గూడ దుప్పటి జర లేపి బొట్టొక్కటి పెట్టిన. అది మొత్తుకున్నకొద్దీ ఇంక కొంచెం పెద్దగ పెట్టిన. శాంతిస్తదేమోనని."

"ఏడ పెడ్తవ్?"

ఆమె లేచి చూపించింది. పచ్చ అంకెల గడియారం కింద, సరిగ్గా మధ్యలో, బటన్ల మీద. "గిది నొసలు గదా" అంది.

అక్కడ అప్పుడు బొట్టు లేదు. ఎందుకు లేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. పని మొదలుపెట్టే ముందు మిషను పైభాగం శుభ్రంగా తుడవాలని మా ఐటీఐ సారు నేర్పాడు. ఆరు నెలల నుంచి, వచ్చిన ప్రతిసారీ, ఆ పసుపు కుంకుమలను నా చేత్తో నేనే బట్ట పెట్టి తుడిచేస్తున్నాను. తుడిచి, ఆ తర్వాత ఫాల్టు వెతుకుతున్నాను. కంటికి ఆనకపోలేదు. దసరాకు నా స్క్రూడ్రైవర్లకూ మీటరుకూ నేనూ పెడతాను బొట్లు. గడప మీద పసుపును ఎవరైనా మరక అనుకుంటారా? నేనూ అనుకోలేదు.

ఆయన లేచి, మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచి, మధ్య బటను అంచు వెంట మెల్లగా తోశాడు. పుల్ల కొన తడిగా, పసుపుపచ్చగా బయటికి వచ్చింది. ఆ పుల్ల నాకు చూపించాడు. తన లుంగీకి తుడుచుకుని మళ్లీ తోశాడు. తర్వాత విసనకర్ర అడిగి తీసుకుని, చంటిపిల్లకు విసిరినట్టు ఆ బటన్లకు విసురుతూ కూర్చున్నాడు. కొంతసేపటికి అరుపు దానంతట అదే ఆగింది. ఇన్నాళ్లూ మధ్యాహ్నానికి ఆగింది కూడా అందుకే. పసుపునీళ్లు ఎక్కువై లోపలికి దిగిన శుక్రవారమే అరిచేది, మధ్యాహ్నానికి అవి ఆరేవి. నేను తీగలు ఊడదీయడం, పెట్టడం అంతా ఆ ఆరేదాకా నాకు కాలక్షేపం.

"అయితే నాతోటేనా అన్నా ఇదంత?" అంది భారతక్క.

"నీతోటి గాదు చెల్లె, నీళ్లతోటి. పొయ్యికి నొసలు గీడ ఉండది. అగ్గి పుట్టే కాడ ఉంటది. ఇగో, గీ కింది తలుపు మీద పెట్టుకో. ఎంత పెద్దగ పెట్టుకుంటవో పెట్టుకో, ఏమనది."

"మా ఇంటాయనకు..."

"ఆయనకెందుకు? ఆయనేమన్న పొయ్యి ముట్టిస్తడా?"

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. అన్నిసార్లు వెళ్లాను, అన్ని చాయిలు తాగాను.

మధ్యాహ్నం మల్లేశం వచ్చాడు. అరుగు మీదాయన అప్పటికే చేతులు కడుక్కుని నిలబడ్డాడు. "తమ్మి కొత్త బుర్ర మంచిగ ఏసిండు పటేలా. ఒక తీగ జర ఒదులుగుండె. ఇద్దరం గలిసి గట్టిగ జేసినం. ఇగ మొత్తుకోదు" అన్నాడు. ఒక్క అబద్ధంతో ఆమెనూ కాపాడాడు, నన్నూ కాపాడాడు. ఇద్దరం అన్న ఆ మాట దగ్గర నా ఒళ్లు భగ్గుమంది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని. 'నీకు కండ్లు లెవ్వా' అని ఉంటే బాగుండేది. నా పరువును చిల్లర పైసల్లా నా జేబులో వేసి వెళ్లిపోయాడు.

పొయ్యి మళ్లీ అరవలేదు. ఊరు అరిచింది. ఇంజనీరు ఆరు నెలలు కుస్తీ పట్టి, దుబాయి నుంచి సామాను తెప్పించి చేయలేనిది, అరుగు మీదాయన పొద్దున వచ్చి ఒక్క తీగ బిగించి చేశాడట. బస్టాండులో అన్నారు, చాయి హోటల్లో అన్నారు, మా మామగారు ఊరి నుంచి వచ్చి మరీ అన్నారు. నెల రోజులు భరించాను. తీగ లేనే లేదు కదా, ఆయన చేసిందేమీ లేదు కదా, నాలుగు ప్రశ్నలు అడిగాడు, ఒక పుల్ల విరిచాడు, అంతే కదా అని లోపల ఉడికిపోయాను. ఒక సాయంత్రం ఆగలేక నేరుగా మల్లేశం రంగుల దుకాణానికి వెళ్లాను. నలుగురు గిరాకులు ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను. నిజానికి, ఉండటమే మంచిదనుకున్నాను.

"అన్నా, తీగా లేదు తోకా లేదు. నీతోటి అబద్ధం జెప్పిండాయన. మీ ఇంట్ల శుక్రారం శుక్రారం పొయ్యి బటన్లకు పసుపునీళ్లు రాస్తుండ్రు. గదీ సంగతి. నేను ఏసిన బుర్రకు ఏం రోగం లేకుండె" అన్నాను.

గిరాకులు పగలబడి నవ్వారు. మల్లేశం కూడా నవ్వాడు, అందరితో పాటు, కానీ ముఖం నల్లబడింది. రెండు రోజుల్లో ఆ మాట బజారంతా తిరిగింది. దుబాయి పొయ్యికి బొట్టు పెట్టి కరాబు చేసిందట అని, భారతక్క కూరగాయలకు వస్తే చాటున కిసకిసలాడేవాళ్లు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, తెలుసుకోలేదు. ఆ నెలలోనే మల్లేశం ఆ పొయ్యిని హైదరాబాదులో ఒక బేకరీ వాళ్లకు అమ్మేశాడు. ఆమె బజారుకు రావడం తగ్గించింది.

అమ్మడానికి ముందు మల్లేశం అరుగు దగ్గరికి వచ్చి ఆయన్ని నిలదీశాడు. నా దుకాణంలోకి ప్రతి మాటా వినబడింది.

"నాకెందుకు అబద్ధం జెప్పినవ్?"

"పొయ్యి నడుస్తుందా లేదా పటేలా?"

"నడుస్తుంది. నిజమెందుకు జెప్పలే అని అడుగుతున్న."

"నిజం ఎవలకు అక్కెర ఉండెనో వాళ్లకు జెప్పిన" అన్నాడాయన. అని, తల తిప్పి నా దుకాణం వైపు ఒక్కసారి చూశాడు. కోపం కాదు. ఎవరింట్లోనో కొత్త మిషను చూసినప్పుడు చూసేవాడే, అలా చూశాడు. మర్నాడు ఎప్పటిలాగే "తమ్మీ, చాయి తాగినవా?" అన్నాడు. తాగానని అబద్ధం చెప్పాను.

తర్వాత చాలా ఏళ్లు రెండు దుకాణాల దూరంలో బతికాం. నేను మెల్లమెల్లగా ఆయన పద్ధతే పట్టాను. ఇళ్లకు వెళ్తే ఆడవాళ్లను ముందు అడగడం నేర్చుకున్నాను. ఏ వారమో కూడా రాసుకున్నాను. ఫాల్టులు తొందరగా దొరికేవి. "అచ్చం గాయన లెక్కనే అడుగుతుండు" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు నాకెలా ఉండేదో ఇంతదాకా చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆయన చనిపోయిన రోజు వాళ్లింటికి వెళ్లాను. మెదక్ రోడ్డు అవతల సన్నటి గల్లీ, రేకుల ఇల్లు. ఎంతమంది వచ్చారో చూద్దామన్న బుద్ధి కూడా నాతో పాటే వచ్చింది. గల్లీ మొదటి దాకా చెప్పులే. అందులో సగానికి పైగా ఆడవాళ్లవి. ఒక మెకానికు చనిపోతే ఆడవాళ్లు అంతమంది రావడం నేనెక్కడా చూడలేదు. ఒక్కొక్కరూ పక్కవాళ్లకు చెప్పుకుంటున్నారు, ఆయన తమ ఇంటికి వచ్చినప్పుడు ఏం అడిగాడో, తాము ఏం చెప్పారో. బాగుచేసిన మిషను పేరు కొందరికి గుర్తే లేదు.

దండ వేసి బయటికి వస్తుంటే గల్లీలో భారతక్క ఎదురైంది. జుట్టు నెరిసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు ఆమె, దారిలో కనబడితే కొంగు సర్దుకుని పక్కకు పోయేది. ఈసారి ఆగింది.

"తమ్మీ, గా పొయ్యి పోయిందని నాకు రంది లేదు" అంది. ఏ ఉపోద్ఘాతమూ లేదు, నిన్ననే ఆపిన మాటను మళ్లీ అందుకున్నట్టు అంది. "నేను తప్పు జేస్తే మా అత్తకు జెప్పిన్రు. మా ఇంటాయనకు జెప్పిన్రు. మా తల్లిగారింటికి కబురు వంపిన్రు. పెండ్లయిన కాడికెళ్లి గంతే. నా తప్పు నా ఒక్కదానికే జెప్పినోడు గీయనొక్కడే. గా ఒక్కటి నాకాడ నెల రోజులకు మించి ఉండనియ్యకపోతివి."

"తప్పయింది అక్కా" అన్నాను.

ఆమె సరేనన్నట్టు తల ఊపి లోపలికి వెళ్లింది. చిన్నగా ఏడుపు వినబడింది, ఆమెదో ఇంకొకరిదో తెలియలేదు. నేను గల్లీలో, ఆ చెప్పుల మధ్య, అలాగే నిలబడిపోయాను. పశ్చాత్తాపం కలిగింది, కలగలేదని అనను. దానికంటే ముందు వచ్చింది మాత్రం నా పాత అసూయే. నేను పోయిన రోజున ఇలా వచ్చి, ఇలాంటి మాట ఒకటి చెప్పేవాళ్లు ఎవరున్నారా అని, ఇన్నేళ్లలో నేను వెళ్లిన ఇళ్లన్నీ వరసగా తలుచుకున్నాను. విప్పిన మిషన్లన్నీ గుర్తుకొచ్చాయి, ఏ మిషనుకు ఏ ఫాల్టో కూడా గుర్తుకొచ్చింది. ఎదురుగా నిలబడి నాకు చాయి ఇచ్చినవాళ్లలో భారతక్క ముఖం తప్ప ఒక్క ముఖమూ గుర్తు రాలేదు.